బ్లాంక్ మీద ఒక్క కణం: రిపోర్టులో రాయాలా, వదిలేయాలా?

ఈసారి వచ్చిన ఉత్తరం చాలా పెద్దది. పేరు, ఊరు, పనిచేసే చోటు బయటపెట్టొద్దని అడిగారు. అవేవీ లేకుండా, విషయం మాత్రం చెడకుండా కుదించి చెబుతున్నాను.

రాసినామె చాలా ఏళ్లు పాథాలజీలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ టెక్నాలజిస్టుగా పనిచేశారు, ఎక్కువగా కిడ్నీ బయాప్సీల మీద. తర్వాత ఫోరెన్సిక్ పరిశోధన విభాగానికి మారారు. ఇప్పుడు ఆమె ముందుకొచ్చేది కణజాలం కాదు, తుపాకీ పేలినప్పుడు చేతుల మీదా బట్టల మీదా పడే, కంటికి కనిపించని రేణువులు. వాళ్ల భాషలో జీఎస్ఆర్. జిగురు పూసిన చిన్న అల్యూమినియం స్టబ్‌తో చేతినో బట్టనో అద్ది తెస్తారు, దాన్ని స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో పెట్టి ఒక్కో కణంలో ఏ మూలకాలున్నాయో చూస్తారు.

ఆ రోజు వచ్చిన కేసు ఒక యువకుడిది. రెండు చేతుల నుంచి తీసిన స్టబ్‌లు, జాకెట్ స్లీవ్ నుంచి తీసిన స్టబ్ ఉన్నాయి. వాటితో పాటు, ల్యాబ్‌లో వాటిని తెరిచిన బల్ల దగ్గరే, అక్కడి గాల్లోంచి ఏమైనా పడుతోందేమో తెలియడానికి ఒక ఖాళీ స్టబ్ తెరిచి ఉంచి మూశారు, అది బ్లాంక్. రాత్రంతా ఆటోమేటిక్ రన్ నడిచింది. పొద్దున చూస్తే చేతుల మీద చెప్పుకోదగ్గది ఏమీ లేదు. స్లీవ్ మీద సీసం, బేరియం, యాంటిమొనీ మూడూ కలిసిన కణాలు, అంటే జీఎస్ఆర్ లక్షణం ఉన్నవి, రెండు ఉన్నాయి. బ్లాంక్ మీద కూడా అలాంటిదే ఒకటి ఉంది.

సీనియర్‌కి చూపిస్తే ఆయన, "ఒక్కటే కదమ్మా, మెషీన్ పొరపాటు పడి ఉంటుంది, కొత్త బ్లాంక్ పెట్టి మళ్లీ నడుపు, అది శుభ్రంగా వస్తే దాన్నే ఫైల్లో పెడదాం" అన్నారట. మర్నాటి బ్లాంక్ శుభ్రంగానే వచ్చింది. రిపోర్టులో ఇప్పుడు ఆ రెండో బ్లాంక్ మాత్రమే ఉంది, కింద సంతకం ఈమె పెట్టాలి. ఇదే డేటా వాళ్లు రాస్తున్న పేపర్లోకి కూడా వెళ్తోంది.

ఆ సీనియరే ఈమెకి ఈ పనంతా ఓపిగ్గా నేర్పించారు. కాంట్రాక్ట్ రెన్యువల్ దగ్గర్లోనే ఉంది. ఇంట్లో భర్త "నీకెందుకు, సంతకం పెట్టేసెయ్" అంటున్నారు. స్నేహితురాలు వెంటనే పైకి ఫిర్యాదు చెయ్యమంటోంది. ఆ రోజు పొద్దున అదే బల్ల మీద తానే పరిశోధన కోసం టెస్ట్ ఫైరింగ్ శాంపిళ్లు సర్దానని, ఆ కణం తన చేతుల నుంచే పడిందేమోనని ఈమెకి ఒక పక్క భయం. పక్క గదిలో వాడే లెడ్ సిట్రేట్ అనే సీసం స్టెయిన్ నుంచి వచ్చి ఉంటుందిలే అని ఒక సహోద్యోగి సర్దిచెబుతున్నారు. ఉత్తరం చివర్లో రెండు ప్రశ్నలు ఉన్నాయి. "ఆ కుర్రాడే నిజంగా కాల్చి ఉంటే, నేను రాసిన ఒక్క లైను వల్ల తప్పించుకుంటే? అసలు నేను పాథాలజీలోనే ఉండిపోవాల్సిందా?"

అమ్మా, మీ ఉత్తరం చదివాక ముందుగా నాకు అనిపించింది ఒకటి చెబుతాను. మీరు నాలుగు వేర్వేరు సంగతుల్ని ఒక్క ముద్ద చేసుకుని నిద్ర పాడుచేసుకుంటున్నారు. ఆ కణం ఏమిటన్నది ఒకటి, ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఇంకొకటి, రిపోర్టులో ఏం రాయాలన్నది మూడోది, ఆ కుర్రాడు దోషా కాదా అన్నది నాలుగోది. వీటిలో నాలుగోది మీ పని కాదు. మూడోదానికి మొదటి రెండూ పూర్తిగా తేలనక్కర్లేదు. అయినా మొదటిదాంతోనే మొదలుపెడదాం, ఎందుకంటే సీనియర్‌తో మాట్లాడే ముందు మీ చేతిలో ఉండాల్సింది అదే.

"మెషీన్ పొరపాటు" అన్న మాటని అలా గాల్లో వదిలేయకండి, పరీక్షించి చూడొచ్చు. ఆటోమేటిక్ రన్‌లో సాఫ్ట్‌వేర్ చేసేదేమిటో మీకు తెలుసు. వెనక్కి చెదిరే ఎలక్ట్రాన్ల బొమ్మలో మెరిసే చుక్కల్ని వెతికి, ఒక్కోదాని దగ్గర కాస్సేపు ఆగి, ఎక్స్-రే స్పెక్ట్రమ్ తీసుకుని ఒక పేరు తగిలిస్తుంది. అంత తక్కువ సేపట్లో అది నిజంగానే పొరబడొచ్చు. స్పెక్ట్రమ్‌లో ఒక్కో మూలకానికి దాని చోట ఒక గుట్ట, అంటే పీక్, లేస్తుంది. యాంటిమొనీ ముఖ్యమైన పీక్ 3.60 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరుంటే కాల్షియం పీక్ 3.69 దగ్గర ఉంటుంది. బేరియం 4.47, టైటానియం 4.51. సీసం 2.34, గంధకం 2.31. అంటే కాల్షియం, టైటానియం, గంధకం ఉన్న మామూలు దుమ్ము రేణువు కూడా హడావుడి స్పెక్ట్రమ్‌లో మనకి కావలసిన మూడు మూలకాల వేషం వెయ్యగలదు. అందుకే మొదటి బ్లాంక్ స్టబ్‌ని మళ్లీ లోపల పెట్టండి, అదే కణం దగ్గరికి వెళ్లండి, ఎక్కువసేపు స్పెక్ట్రమ్ తీయండి. బేరియం అయితే 4.83 దగ్గరా 5.5 దగ్గరా కూడా గుట్టలు లేవాలి, టైటానియానికి 5.5 దగ్గర ఏమీ ఉండదు. సీసం అయితే 10.55 దగ్గర కూడా కనిపించాలి, గంధకానికి అక్కడ ఏమీ లేదు. ఇక ఆకారం చూడండి. ఉడుకు మీద కరిగి చల్లబడినట్టు గుండ్రంగా ఉందా, లేక విరిగిన పెంకులా అంచులు తేలి ఉందా? ఇదంతా ఒక పూట పని. స్టబ్ ఇంకా మీ దగ్గరే ఉండి ఉండాలి. లేకపోతే, అంటే ఎవరైనా పారేసి ఉంటే, అది ఇంకా పెద్ద సంగతి, అప్పుడు కింద చెప్పే దారుల్లో రెండోదానికి నేరుగా వెళ్లాల్సి వస్తుంది.

పక్క గది లెడ్ సిట్రేట్ సంగతి తేల్చేద్దాం. దాని గురించి మీకంటే బాగా తెలిసినవాళ్లు ఆ ల్యాబ్‌లో ఉండరు. గాల్లోని కార్బన్ డయాక్సైడ్ తగిలితే అది లెడ్ కార్బనేట్ అయి సెక్షన్ మీద, అంటే కణజాలపు పలుచని ముక్క మీద, నల్లటి చుక్కలుగా పేరుకుంటుంది, దాన్ని ఆపడానికే గిన్నె పక్కన సోడియం హైడ్రాక్సైడ్ పలుకులు పెట్టుకుంటాం. అందులోంచి సీసం రావచ్చు. బేరియం, యాంటిమొనీ రావు. ఆ రెండూ కార్ట్రిడ్జ్ అడుగున ఉండి నిప్పు రాజేసే ప్రైమర్ లోవి. బేరియం నైట్రేట్, యాంటిమొనీ సల్ఫైడ్, వాటితో లెడ్ స్టిఫ్నేట్, ఈ మూడూ పేలుడు వేడికి ఆవిరై ఒకే కణంగా గడ్డకడితేనే ఆ కలయిక వస్తుంది. కొన్ని రకాల బ్రేక్ లైనింగుల నుంచీ బాణసంచా నుంచీ దగ్గరి పోలికలున్న కణాలు వస్తాయని తేలింది కాబట్టే, జీఎస్ఆర్ పరీక్షకి వాడే ఏఎస్‌టీఎం ఇ1588 ప్రమాణంలో ఈ కణాల్ని 'లక్షణం ఉన్నవి' అంటారు తప్ప 'తుపాకీవే' అని తెగేసి చెప్పరు. మీ సహోద్యోగి మాట మంచి మనసుతో అన్నదే అయినా దాన్ని పట్టుకుని వదిలేయడానికి లేదు.

ఇక ఆ కణం మీ చేతుల నుంచే పడిందేమో అన్న భయం. పడి ఉండొచ్చు. పొద్దున టెస్ట్ ఫైరింగ్ శాంపిళ్లు సర్దిన బల్ల మీదే కేసు శాంపిళ్లు తెరిచారంటే, అన్నిటికంటే దగ్గరి దారి అదే. కానీ ఇక్కడ మీరు నేరం చేసినట్టు కుంగిపోవాల్సింది లేదు. ఆ రెండు పనులకీ ఒకే బల్ల ఇచ్చింది మీరు కాదు, అది ల్యాబ్ ఏర్పాటు లోపం. పైగా బ్లాంక్ పెట్టేదే దీని కోసం. అది మీ మీద తీర్పు చెప్పడానికి లేదు, ఆ పూట ఆ బల్ల దగ్గర గాలి ఎలా ఉందో చెప్పడానికి ఉంది. చెప్పింది కూడా. మర్నాటి బ్లాంక్ చెప్పేది మర్నాటి గాలి గురించి. కేసు స్టబ్‌లు తెరిచింది మొదటి రోజు. రెండోదాన్ని మొదటిదాని చోట పెట్టడం రీ-టెస్ట్ కాదు, వేరే ప్రశ్నకి వచ్చిన జవాబుని ఈ ప్రశ్న కింద అంటించడం. మీ సీనియర్ చెడ్డవారని నేను అనుకోవడం లేదు. నడవాల్సిన కేసులు కుప్పగా ఉన్నప్పుడు మంచివాళ్లు కూడా ఇలాంటి అడ్డదారి తొక్కుతారు, అది తప్పు దారి అని వాళ్లకి కూడా ఎక్కడో తెలుస్తూనే ఉంటుంది.

ఒక్క కణం ఎంత బరువు మొయ్యగలదో తెలియాలంటే బ్రిటన్‌లోని బారీ జార్జ్ కేసు చూడండి. 1999లో లండన్‌లో టీవీ ప్రెజెంటర్ జిల్ డాండోని ఆమె ఇంటి గుమ్మం దగ్గరే కాల్చి చంపారు. ఆ హత్య చేశాడని పట్టుకున్న బారీ జార్జ్ కోటు జేబులో దొరికిన సాక్ష్యం ఒకే ఒక్క జీఎస్ఆర్ కణం. 2001లో శిక్ష పడింది. ఆ కణం హత్య వల్ల వచ్చి ఉండడానికి ఎంత అవకాశం ఉందో, ఇంకెక్కడి నుంచో అంటుకుని ఉండడానికీ అంతే అవకాశం ఉందని, అంటే అది ఎటూ తేల్చని సాక్ష్యమని, తర్వాత నిపుణులే ఒప్పుకున్నారు. 2007లో అప్పీల్ కోర్టు శిక్ష కొట్టేసింది, 2008లో మళ్లీ విచారణ జరిగి నిర్దోషిగా బయటికొచ్చారు. అప్పటికి దాదాపు 8 ఏళ్లు లోపలే గడిచాయి. అక్కడ బ్లాంక్ దాచారని కాదు నేను చెప్పేది. కణం ఉన్న మాట నిజమే. అది దేనికి సాక్ష్యమో, దేనికి కాదో జ్యూరీకి అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేదు. మీ కేసులో కణాలు రెండు. బ్లాంక్ మీద ఒకటి. రెండులోంచి ఒకటి తీసేస్తే ఇంకా ఒకటి మిగిలింది కదా అని ఎవరైనా లెక్క చెబితే ఒప్పుకోకండి. బ్లాంక్ మీద ఒకటి పడిందంటే స్లీవ్ మీద సున్నా పడి ఉండొచ్చు, రెండూ పడి ఉండొచ్చు.

అందుకే "నా లైను వల్ల తప్పించుకుంటాడేమో" అన్న ప్రశ్నని నేను కొంచెం తిప్పి పెడతాను. ఆ కుర్రాడు కాల్చాడా లేదా అన్నది మీ స్టబ్ తేల్చలేదు, ఇంతకు ముందు కూడా తేల్చగలిగేది కాదు. చేతుల మీద కణాలు లేకపోవడం ఆయన కాల్చలేదని రుజువు కాదు, బతికున్న మనిషి చేతుల మీద నుంచి ఇవి కొన్ని గంటల్లోనే రాలిపోతాయి, కడుక్కుంటే ఇంకా ముందే పోతాయి. ఇది కూడా రిపోర్టులో రాయాల్సిందే, ఎందుకంటే ఇది ఆయనకి వ్యతిరేకంగా పోయే నిజం. బ్లాంక్ సంగతి ఆయనకి అనుకూలంగా పోయే నిజం. రెండూ పక్కపక్కన రాస్తే మీరు ఎవరి పక్షమూ కారు. కేసులో ఇంకా సాక్షులు, ఫోన్ రికార్డులు, ఆయుధం, బోలెడు ఉంటాయి. అవేవీ లేక ఈ రెండు కణాల మీదే కేసు నిలబడి ఉంటే, అప్పుడు మీ లైను ఇంకా అవసరం.

ఇప్పుడు మీ ముందున్న దారులు. మొదటిది, నాకైతే ముందు ప్రయత్నించాలనిపించేది, సీనియర్‌తో మళ్లీ మాట్లాడటం. కానీ పోయినసారిలా ఉత్త భయంతో కాదు, చేతిలో తిరిగి తీసిన స్పెక్ట్రమ్ పెట్టుకుని, రాయాల్సిన వాక్యం కూడా మీరే రాసుకుని వెళ్లండి. "సార్, మొదటి బ్లాంక్ మీద కణం నిజమైనదే, ఇదిగో స్పెక్ట్రమ్. రెండు బ్లాంకులూ తేదీలతో పెడదాం, స్లీవ్ ఫలితం మీద నిర్ధారణకి రాలేమని రాద్దాం. జాకెట్‌లో ఇంకా అద్దని భాగాలున్నాయి కదా, వాటిని వేరే గదిలో, టెస్ట్ ఫైరింగ్ ముట్టనివాళ్లతో తీయిద్దాం" అనండి. ఈ చివరి మాట ముఖ్యం. చేతుల శాంపిల్ మళ్లీ రాదు గానీ జాకెట్ ఉంది, బట్టల మీద కణాలు చేతుల మీద కంటే ఎక్కువకాలం ఉంటాయి. ఆయనకి మీరు సమస్యతో పాటు పరిష్కారం కూడా తీసుకెళ్తున్నట్టు ఉంటుంది. నేర్పించిన మనిషి కాబట్టి వింటారనే నా నమ్మకం. వినకపోతే మాత్రం ఆ మాటలు జరిగిన రోజు, ఆయన ఏమన్నారు, మీరేమన్నారు అన్నది ఆఫీసు నోట్‌బుక్‌లో ఉన్నది ఉన్నట్టు రాసుకోండి. ఫైళ్లు మాత్రం పెన్ డ్రైవ్‌లో ఇంటికి తీసుకెళ్లకండి, అలా చేస్తే రేపు తప్పు మీ మీదకే తిరుగుతుంది. ముడి డేటా సర్వర్‌లో చెరిగిపోకుండా ఉందో లేదో చూసుకుంటే చాలు.

రెండో దారి, క్వాలిటీ మేనేజర్ దగ్గరికి వెళ్లడం. మీ ల్యాబ్‌కి ఐఎస్‌ఓ 17025 గుర్తింపు (పరీక్షా ల్యాబ్‌ల నాణ్యతా ప్రమాణం) ఉంటే ఇలాంటివాటికి ఒక మామూలు పద్ధతి ఉండి తీరాలి. నియమాలకి సరిపోని పని ఏదైనా కనిపిస్తే నమోదు చెయ్యాలి, దాని వల్ల ఏ ఫలితాలు దెబ్బతిన్నాయో చూడాలి, దిద్దాలి. ఇది ఎవరి మీదా ఫిర్యాదు కాదు, మీ స్నేహితురాలు చెప్పేదానికీ దీనికీ చాలా తేడా ఉంది. ఫారంలో "ఫలానా తేదీ బ్లాంక్ మీద మూడు మూలకాల కణం ఒకటి" అని రాస్తారు, మనుషుల పేర్లతో పని లేదు. అయితే దీనికి ఖర్చు ఉంది. ఆ రోజు ఆ బల్ల మీద తెరిచిన మిగతా కేసులు కూడా బయటికి తీయాల్సి రావచ్చు, పేపర్ ఆగొచ్చు, సీనియర్ కొన్నాళ్లు ముభావంగా ఉండొచ్చు. రెన్యువల్ మీద దీని నీడ పడదని నేను హామీ ఇవ్వలేను. కానీ నమోదైన కాగితం మీకు రక్షణ కూడా. రేపు రెన్యువల్ ఆగితే, ఎందుకు ఆగిందో చెప్పుకోవడానికి మీకో తేదీ ఉంటుంది.

మూడోది, సంతకం పెట్టనని చెప్పి ఈ కేసు నుంచి తప్పుకోవడం. చాలామంది ఇది గౌరవంగా బయటపడే దారి అనుకుంటారు. మీ పేరు ఆ రిపోర్టు మీద ఉండదు, నిజమే, కానీ ఆ కణం కూడా మీతో పాటే బయటికి పోతుంది. ఇంకెవరో సంతకం పెడతారు, ఫైల్ శుభ్రంగానే కనిపిస్తుంది. మొదటి రెండూ కుదరనప్పుడు, ఎందుకు తప్పుకుంటున్నారో ఒక్క వాక్యం రాసిస్తేనే దీనికి విలువ.

నాలుగోది మీ ఆయన చెప్పింది, సంతకం పెట్టేసి ఊరుకోవడం. ఆయన మీ ఉద్యోగం గురించి, మీ టెన్షన్ గురించి ఆలోచించి అంటున్నారు, తప్పు పట్టను. కానీ ఆయనకి బహుశా తెలియనిది ఒకటుంది. ప్రతి రన్‌కీ సాఫ్ట్‌వేర్ తేదీ, సమయం వేసి లాగ్ ఉంచుతుంది. డిఫెన్స్ తరఫు నిపుణుడు ముడి డేటా అడిగాడంటే బ్లాంక్ రన్నులు రెండు ఎందుకున్నాయో మొదటి పది నిమిషాల్లో అడుగుతాడు. అప్పుడు బోనులో నిలబడేది సీనియర్ కాదు, విశ్లేషణ చేసినట్టు సంతకం పెట్టిన మీరు. ఎవరూ అడగకపోతేనో? అప్పుడు మీకు ఏమీ కాదు. అయ్యేది ఆ కుర్రాడికి. అందుకే నేను ఈ దారి వద్దంటున్నాను, పట్టుబడతారని మాత్రమే కాదు.

ల్యాబ్ దాటి బయటికి, అంటే ప్రాసిక్యూటర్‌కో గుర్తింపు ఇచ్చిన సంస్థకో రాయడం కూడా ఉంది. అది లోపలి దారులన్నీ మూసుకుపోయాకే, అదీ మీరున్న చోట చట్టం తెలిసిన లాయర్‌తో మాట్లాడాకే.

పేపర్ గురించి ఒక మాట. బ్లాంక్ దాచిన పేపర్ కంటే, టెస్ట్ ఫైరింగూ కేసు పనీ ఒకే గదిలో చేస్తే కణాలు ఎలా దాటుతాయో చూపించే పేపర్ ఈ రంగానికి ఎక్కువ పనికొస్తుంది. బల్ల మీద, చేతి తొడుగుల మీద, తలుపు పిడి మీద, కుర్చీ చేతుల మీద స్టబ్‌లు అద్ది చూడండి. సీనియర్‌కి ఇది చెప్పి చూడండి, ఆయన కళ్లు మెరిసినా ఆశ్చర్యం లేదు.

చివరగా, పాథాలజీలోనే ఉండిపోవాల్సిందా అన్నారు. అక్కడ మీరు చేసిన పని గుర్తు చేసుకోండి. లైట్ మైక్రోస్కోప్ కింద మామూలుగా కనిపించే గ్లోమెరులస్‌లో, అంటే కిడ్నీలో రక్తాన్ని వడపోసే గుత్తిలో, పోడోసైట్ కణాల పాదాల్లాంటి ఫుట్ ప్రాసెస్‌లు చదునైపోయాయని చూపించి, మినిమల్ చేంజ్ డిసీజ్ అనే కిడ్నీ జబ్బుకి ఆధారం ఇచ్చేది మీరు తీసిన ఫొటోనే. పెద్దవాళ్లలో 300 నుంచి 400 నానోమీటర్ల మందం ఉండాల్సిన వడపోత పొర, బేస్‌మెంట్ మెంబ్రేన్ 200కి పలచబడిందా అని కొలిచింది మీరే. అక్కడ సెక్షన్ మీద నల్లచుక్క కనిపిస్తే అది రోగిదా, మన స్టెయిన్‌దా అని అడగకుండా మీరు ఎప్పుడూ ముందుకెళ్లి ఉండరు. అనుమానం వస్తే సెక్షన్ ఉన్న ఇంకో గ్రిడ్ తీసేవాళ్లు, అప్పటికీ తేలకపోతే డాక్టరే ఫోన్ చేసి ఈ రిపోర్ట్ రోగి పరిస్థితికి సరిపోవడం లేదు, మళ్లీ చూడండి అనేవారు. ఇక్కడ ఆ ఫోన్ రాదు. రిపోర్ట్ వెళ్లిపోయాక దాన్ని సరిచూసే రోగి లేడు, మళ్లీ తీసే బయాప్సీ లేదు. ఆ ఫోన్ రావడం లేదన్న వెలితే మీకు నిద్ర పట్టనివ్వడం లేదని నాకనిపిస్తోంది. అది మీరు తప్పు చోటికి వచ్చారనడానికి గుర్తు కాదు, బ్లాంక్ స్టబ్ కేసి రెండోసారి చూసే కన్ను ఆ ల్యాబ్‌లో మీ దగ్గర ఉందన్నమాట. వెనక్కి వెళ్లాలనిపిస్తే వెళ్లండి, కిడ్నీలు ఇష్టమై వెళ్లండి. ఆ నిర్ణయం మాత్రం ఈ రిపోర్ట్ తేలాక తీసుకోండి.

రేపు పొద్దున చెయ్యాల్సింది ఒక్కటే. మొదటి బ్లాంక్ స్టబ్ ఎక్కడుందో చూసి, దాని పెట్టె మీద తేదీ సరిగ్గా ఉందో లేదో చూసుకుని, మెషీన్ ఖాళీగా ఉన్న టైమ్ బుక్ చేసుకోండి. స్పెక్ట్రమ్ వచ్చాక ఏం తేలిందో నాకు రాయండి.